లేవకముందే చెప్పాలి

జాన్‌బీ ఇల్లు అమ్మకానికి పెట్టి ఏడు నెలలైంది. ఈ ఏడు నెలల్లో ఆ ఇంట్లోకి వచ్చి వెళ్ళినవాళ్ళని పిలిచి కూర్చోబెడితే బందరులో సగం ఊరు తేలుతుంది. అందరూ చూశారు, గోడలు తట్టారు, పెంకుల వైపు తలెత్తి పెదవి విరిచారు, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయారు. పోర్టు పనులు మొదలైన కొత్తలో ఇదే ఇంటికి ముప్పై అయిదు లక్షలిస్తామని గుమ్మంలో నిలబడి బతిమాలినవాళ్ళున్నారు. అప్పుడు అమ్మే ఉద్దేశం లేదు. ఉద్దేశం వచ్చేసరికి కొనేవాళ్ళు లేరు. అమెరికావాళ్ళు రొయ్యల మీద సుంకం పెంచితే నిజాంపేటలో పెంకుటింటి ధర పడిపోవడమేమిటో ఆవిడకి అర్థమయ్యేలా ఎవరూ చెప్పలేదు. బ్రోకరు ఎలీషా మాత్రం ఎప్పుడడిగినా ఒకటే మాట. "చెరువుల్లో డబ్బు రావాలమ్మా. అప్పుడే ఊళ్ళో ఇల్లు కదుల్తుంది."

ఎందుకు అమ్ముతున్నావని అడిగినవాళ్ళకి మోకాళ్ళ నొప్పులని చెప్పేది, పని తగ్గిందని చెప్పేది. అసలు సంగతి ఒంటరితనం. అది పైకి చెప్పుకునే జబ్బు కాదు కదా. భర్త ఖుద్దూస్ పోయి నాలుగేళ్ళు దాటింది. పిల్లలు లేరు. ఇంట్లో కూర్చుని రోల్డ్ గోల్డ్ గాజులకి రాళ్ళు అతుకుతుంది. ఆ పని ఒక వారం ఉంటే రెండు వారాలు ఉండదు. లేని రోజున పొద్దుటి నుంచీ సాయంత్రం దాకా నోరు విప్పే అవసరమే రాదు. ఒకనాడు కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినతను ఏదో అడిగితే గొంతు పెగల్లేదు. రెండుసార్లు దగ్గితే గానీ మాట బయటికి రాలేదు. అతను వెళ్ళాక తలుపు వేసుకుని, తన పేరు తనే రెండుసార్లు పైకి అనుకుని చూసుకుంది. యాభై ఒక్క ఏళ్ళ మనిషి చెయ్యాల్సిన పనేనా అది? ఆరోజే ఎలీషాకి ఫోన్ చేసింది.

గుడివాడలో చెల్లెలు ఆయేషా ఇంటిని ఆనుకుని రెండు గదుల పోర్షను ఒకటి అమ్మకానికొచ్చింది. "ఆపా, గోడకి అటు నువ్వు, ఇటు నేను" అంది ఆయేషా. ఆ మాట విన్నప్పటి నుంచీ జాన్‌బీ మనసు ఇక్కడ లేదు. అయితే ఆ పోర్షను ఓనరు శుక్రవారం దాకానే ఆగుతానన్నాడు. ఇది అమ్మితేనే అది కొనగలదు.

బుధవారం పొద్దున్న ఎలీషా పరుగున వచ్చాడు.

"గోవర్ధనరావుగారు ఒప్పుకున్నారమ్మా. ఇరవై ఆరు. మధ్యాహ్నం మూడింటికి ఎడ్వాన్సు, అగ్రిమెంటు పట్టుకుని వస్తారు."

గోవర్ధనరావుది కృత్తివెన్ను. రొయ్యల చెరువులు సగం తీసేసి, మిగిలిన డబ్బు నీళ్ళలో పెట్టడం ఇష్టం లేక ఇటుకల్లో పెట్టాలనుకుంటున్నాడు. పోయిన వారం వచ్చి చూసి వెళ్ళాడు. మాట మర్యాద ఉన్న మనిషే గానీ రోజుకో కబురు విని రోజుకో రకంగా మారిపోతున్నాడు. ఆ రోజుల్లో చెరువులున్నవాళ్ళంతా అలాగే ఉన్నారు.

"మూడు దాటనివ్వకండి" అన్నాడు ఎలీషా. "రేపు చల్లపల్లిలో ఇంకో ఇల్లు చూడబోతున్నారు. రేపటికి ఏం వింటారో, మనసు ఎటు తిరుగుద్దో నాకు తెలీదు."

"మూడింటికి రమ్మను. ఈలోపు నేను పక్కింటికి వెళ్ళి రావాలి."

ఎలీషా నోరు తెరిచాడు. "పక్కింటికా? మీరా?"

వాడు అలా అడగడంలో తప్పేం లేదు. పక్కిల్లు వీరమ్మది. జాన్‌బీ, వీరమ్మ మాట్లాడుకోరన్న సంగతి ఆ వీధిలో కుక్కలకి కూడా తెలుసు. ఇల్లు అమ్ముతున్నట్టు కూడా వీరమ్మకి జాన్‌బీ చెప్పలేదు. వచ్చిపోయే జనాన్ని చూసి ఆవిడే తెలుసుకుని ఉంటుంది.

ఆ రెండిళ్ళూ ఒకప్పుడు ఒకటే ఇల్లు. ఎవరో మధ్యలో గోడ లేపి రెండు చేశారు. ఇవతలి భాగం ఖుద్దూస్ వాళ్ళ నాన్నకి వచ్చింది. కొన్నాళ్ళకి అవతలి భాగంలో ఉన్నతను దాన్ని అమ్ముదామనుకున్నప్పుడు, ముందు ఇక్కడికే వచ్చి కూర్చున్నాడట. జాన్‌బీ అత్తగారు ఈ కథ ఎన్నిసార్లు చెప్పిందో. "పక్కవాళ్ళకి మొదటి హక్కు. దాన్ని షఫా అంటారు. ధర చెప్పాలి. అదే ధరకి తీసుకుంటామంటే ఇంకొకరికి ఇవ్వకూడదు. వీళ్ళు కూడా రేపు చెప్తాం, ఎల్లుండి చెప్తాం అని నాన్చకూడదు. కూర్చున్న చోటు నుంచి లేవకముందే చెప్పాలి. మీ మావయ్య టీ చల్లారకముందే వద్దని చెప్పేశారు, మా దగ్గర అంత లేదు మరి." ఆ తర్వాత ఆ భాగాన్ని చేపలమ్మే నాంచారమ్మ కొనుక్కుంది. నాంచారమ్మ కోడలే ఈ వీరమ్మ.

"పక్కవాళ్ళు మనవాళ్ళు కాకపోయినా అడగాలా?" అని కొత్తకోడలిగా జాన్‌బీ అడిగింది. అత్తగారు వింతగా చూసింది. "గోడ పంచుకున్నాక మనవాళ్ళు కాకపోవడమేంటి?"

మౌల్వీని అడిగితే ఇందులో ఎంత ఉందంటాడో, ఎంత లేదంటాడో జాన్‌బీకి తెలియదు. ఆవిడకి అత్తగారు చెప్పిందే షరియత్తు.

"ఇది కోర్టులో చెల్లదమ్మా" అన్నాడు ఎలీషా.

"కోర్టుకి ఎవరు చెప్పమన్నారు?" అని చెప్పులు వేసుకుంది జాన్‌బీ.

వీరమ్మ వద్దంటుందని ఆవిడకి తెలుసు. చేపలమ్ముకునే మనిషి దగ్గర ఇరవై ఆరు లక్షలెక్కడివి? ఒక్క ముక్కలో వద్దంటుంది, పైనున్నాయన ముందు తన బాధ్యత తీరిపోతుంది, అయిదు నిమిషాల్లో వెనక్కి రావచ్చు.

ఇద్దరికీ మాటలు ఆగిపోయింది కరోనా రెండోసారి వచ్చినప్పుడు. ఖుద్దూస్‌ని ఆసుపత్రి నుంచి ప్లాస్టిక్ సంచిలో చుట్టి తెచ్చారు. ఇంట్లోకి దించలేదు. వీధి చివర అంబులెన్సులోనే ఉంచి, గుమ్మంలో నుంచి చూసుకోమన్నారు. జాన్‌బీ వసారాలో ఒక్కతే నిలబడింది. ఎవరూ రారని తెలుసు. రావద్దన్నారని కూడా తెలుసు. కానీ వీరమ్మ కిటికీలో ఉంది. మూడు దశాబ్దాలుగా అన్నయ్యా అని పిలిచిన మనిషి అక్కడే నిలబడి చూస్తోంది. జాన్‌బీ ఆవిడ వైపు చూసింది. అంతే, కిటికీ రెక్కలు మూసుకున్నాయి. గడియ పడ్డ చప్పుడు కూడా వినిపించింది. ఆ చప్పుడు జాన్‌బీ గుండెల్లో ఉండిపోయింది. నలభయ్యో రోజున వీరమ్మ క్యారియరు పట్టుకుని వచ్చి తలుపు కొడితే తియ్యలేదు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆ తలుపు కూడా చిన్న చప్పుడేం కాదు.

వీరమ్మ వసారాలో కత్తిపీట పక్కన పెట్టుకుని, బేసిన్ నిండా నెత్తళ్ళు పోసుకుని కూర్చుంది. అరవైకి దగ్గర పడ్డ మనిషి. చిటికెన వేలంత చేపలు. ఒక్కొక్క దాని తల గిల్లి పక్కన పడేస్తోంది.

"ఏమండీ" అంది జాన్‌బీ.

వదినా అని పిలిచే నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో ఆవిడకే తెలియదు. వీరమ్మ తలెత్తింది.

"అండీ అంట. ఎవరండీ మీరు?"

జాన్‌బీ జవాబు చెప్పకుండా, ఎవరూ రమ్మనకుండానే, అక్కడున్న పీట లాక్కుని కూర్చుంది. కూర్చోవాలి మరి, కూర్చోకపోతే అడిగినట్టు కాదు. తర్వాత నేల వైపు చూస్తూ గడగడా చెప్పేసింది.

"ఇల్లు అమ్ముతున్నాను. ఇరవై ఆరు లక్షలు. నీకు కావాలంటే అదే ధరకి నీకే ఇవ్వాలి. మా పద్ధతి అది. వద్దంటే వేరేవాళ్ళకిస్తాను. లేవకముందే చెప్పాలి."

"ఎవరు లేవకముందు?"

"నేను లేస్తే నిన్ను అడగనట్టు. నువ్వు లేస్తే నీకు వద్దన్నట్టు."

వీరమ్మ చేతిలో నెత్తలి అలాగే ఉండిపోయింది. ఒక నిమిషం ఆలోచించింది. తర్వాత కాళ్ళు సరిగ్గా చాపుకుని, గోడకి వీపు ఆనించి, చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. రోజంతా కూర్చోవడానికి తయారైన వాలకం అది.

"సరే. కూర్చో అయితే."

"కూర్చోవడానికి రాలేదు. ఒక్క మాట చెప్పు చాలు."

"ఇల్లంటే ఒక్క మాటేంటే? చేపలు కొనేవాళ్ళే పావుగంట బేరమాడతారు నా దగ్గర."

జాన్‌బీకి ఒళ్ళు మండింది. కానీ లేవలేదు. లేస్తే తనదే తప్పవుతుంది.

అలా మొదలైంది. పదకొండు దాటింది, పన్నెండైంది. నెత్తళ్ళ తలలు ఒక పక్క, ఒళ్ళు ఒక పక్క పడుతున్నాయి. వీరమ్మ తన పాటికి తను మాట్లాడుతూనే ఉంది. కొడుకు నాని పెళ్ళాంతో నాగాయలంకలో ఉంటున్నాడట, పనిచేసే చెరువుని యజమాని ఎండబెట్టేస్తే ఇప్పుడు వలలు బాగుచేస్తున్నాడట. గిలకలదిండి రేవులో సరుకు రేటు పొద్దున ఒకటి, బోటు దిగాక ఒకటి అట. జాన్‌బీ ఊ కొట్టలేదు. కొట్టకూడదనుకుంది. కానీ చెవులు తన మాట వినడం లేదు. ఎన్నాళ్ళకి ఒక మనిషి ఎదురుగా కూర్చుని అవీ ఇవీ చెప్తోందో. నాని పెళ్ళాం పేరు ఏమిటో అడగాలనిపించి, నోరు మూసుకుంది.

"దాహంగా ఉంది" అంది కాసేపటికి వీరమ్మ. "లోపల కుండలో చల్లటి నీళ్ళున్నాయి. నువ్వు లేచి తెస్తావా, నన్ను తెమ్మంటావా?"

"ఎవరం లేవడానికి లేదు."

"మీ అత్త మంచినీళ్ళ సంగతి ఏమీ చెప్పలేదా?"

"చెప్పలేదు."

"ముసల్ది. అన్నీ సగం సగం చెప్పేది."

సరిగ్గా అప్పుడే ప్రహరీ మీద నుంచి పిల్లి దిగింది. తాపీగా నడుచుకుంటూ వచ్చి, ఇద్దరినీ చూసి, శుభ్రం చేసిపెట్టిన నెత్తళ్ళలో మూతి పెట్టింది. వీరమ్మ "ఛీ ఛీ" అంది. పిల్లి లెక్కచెయ్యలేదు. జాన్‌బీ చప్పట్లు కొట్టింది. పిల్లి చెవులు ఆడించింది. తరిమేందుకు ఎవరో ఒకరు లేవాలి. జాన్‌బీ వీరమ్మని చూసింది. వీరమ్మ జాన్‌బీని చూసింది. లేస్తే ఒకరి మాట పోతుంది, ఒకరి హక్కు పోతుంది. పిల్లి నోటికి పట్టినన్ని పట్టుకుని, వచ్చిన దారినే దర్జాగా వెళ్ళిపోయింది.

మొదట నవ్వింది జాన్‌బీయే. ఆపుకుందామని చూసింది, కొంగు నోట్లో కుక్కుకుంది, లాభం లేకపోయింది. వీరమ్మ అయితే కళ్ళ వెంట నీళ్ళు పెట్టుకుని మరీ నవ్వింది. నవ్వి నవ్వి ఇద్దరూ ఒకేసారి ఆగిపోయారు.

"ఎందుకు వేసుకున్నావు కిటికీ?" అని అడిగింది జాన్‌బీ.

వీరమ్మ ఏ కిటికీ అని అడగలేదు. చేతులు బేసిన్‌లోనే ఉన్నాయి.

"భయమేసింది."

"అంతేనా?"

"అంతే. ఇంకేదన్నా ఉంటే ఈపాటికి వచ్చి చెప్పుకునేదాన్ని కాదా? నువ్వు నా వైపు చూశావు. ఇప్పుడు ఈమె నా దగ్గరికి వస్తే ఎట్టా అనుకున్నా. చచ్చిపోతాననుకున్నా. వేసేసుకున్నా." ఇంకో నెత్తలి తల గిల్లి అంది, "అన్నయ్యకి దణ్ణం కూడా పెట్టలేదు."

ఈ నాలుగేళ్ళలో జాన్‌బీ ఈ జవాబుని ఎన్ని రకాలుగా ఊహించుకుందో. ప్రతి ఊహలోనూ వీరమ్మ ఏదో సాకు చెప్పేది, తను దాన్ని కడిగిపారేసేది. ఇప్పుడు కడగడానికి ఏమీ మిగల్లేదు. కోపం పోలేదు, అలాగని పట్టుకోవడానికీ చిక్కలేదు.

"నలభయ్యో రోజున నువ్వొచ్చినప్పుడు నేను లోపలే ఉన్నాను" అంది.

"తెలుసు. చెప్పులు గుమ్మంలోనే ఉన్నాయిగా."

ఫోన్ మోగింది. ఎలీషా. రెండున్నర అయింది. "ఇంకా చెప్పలేదు" అని పెట్టేసింది జాన్‌బీ.

"గుడివాడలో సహరీకి ఎవరు లేపుతారు?" అంది వీరమ్మ, అప్పుడే గుర్తొచ్చినట్టు.

ఆ మాట ఈ ఇంట్లో ఎవరూ ఎత్తరనుకుంది జాన్‌బీ.

పెళ్ళై వచ్చిన మొదటి రంజాన్ నుంచీ ఉన్న ఏర్పాటు అది. వీరమ్మ రేవుకి వెళ్ళడానికి మూడింటికే లేస్తుంది. ఉపవాసం ఉండేవాళ్ళు తెల్లారకముందే లేచి తినాలి. జాన్‌బీది మొద్దునిద్ర. అందుకని వీరమ్మ బయల్దేరే ముందు సత్తు బేసిన్ అంచుతో నడిమి గోడని మూడుసార్లు తట్టేది. ఇటు నుంచి జాన్‌బీ పిడికిలితో ఒక్కసారి తిరిగి తట్టేది, లేచాన్లే వదినా అని. అప్పుడు వీరమ్మ వెళ్ళిపోయేది. కిటికీ మూసుకున్న తర్వాతి రంజాన్‌కి జాన్‌బీ అసలు ఎదురుచూడలేదు. కానీ మొదటి రోజే మూడింటికి గోడ చప్పుడైంది. జాన్‌బీ లేచింది, లైటు వేసింది, వండుకుని తింది. తిరిగి తట్టలేదు. నాలుగు రంజాన్లూ అలాగే గడిచాయి.

"ఫోన్‌లో అలారం ఉంటుంది" అంది.

"ఫోను ఇక్కడా ఉందిగా. ఎప్పుడన్నా పెట్టుకున్నావా?"

పెట్టుకోలేదు. నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా. మాట్లాడని మనిషి మీద అంత భరోసా ఎలా పెట్టుకుందో జాన్‌బీకే సిగ్గనిపించింది.

"నువ్వు తిరిగి తట్టడం మానేశావు కదా" అంది వీరమ్మ. ఆ గొంతులో నిష్ఠూరం లేదు, రేవులో రేట్లు చెప్పినట్టే చెప్పింది. "లేచావో లేదో నాకెట్టా తెలిసేది? నీ వెంటిలేటర్లో వెలుగు కనపడేదాకా తట్టేదాన్ని. రెండు మూడుసార్లు ఆటో వెళ్ళిపోయింది నన్ను వదిలేసి."

జాన్‌బీ తల వంచుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"కొంటానంటే ఏం చేస్తావు?" అంది వీరమ్మ.

"డబ్బుందా?"

"లేదు. ఉత్తినే కొంటానంటే? ఎన్నాళ్ళు ఆగాలి నువ్వు?"

"తెలీదు. అత్తయ్య చెప్పలేదు."

"మరి అనమంటావా?"

నిజం చెప్పాలంటే, వద్దు అనే మాట కోసం వచ్చిన జాన్‌బీకి ఆ క్షణాన, అనమనాలనిపించింది. గోవర్ధనరావు చల్లపల్లి వెళ్ళిపోతాడు, శుక్రవారం దాటిపోతుంది, గుడివాడ పోర్షను ఎవరికో పోతుంది, తను ఎప్పటిలాగే ఈ గోడకి ఇటు ఉంటుంది. ఎదురుగా చెల్లెలి మొహం కనిపించింది. గోడకి అటు నువ్వు, ఇటు నేను. వయసు పైబడుతోంది. రక్తసంబంధం దగ్గరుంటే మంచిదని లోకమంతా చెప్తుంది. జాన్‌బీ నోరు తెరవలేదు.

అవతల కారు ఆగిన చప్పుడైంది. మాటలు వినిపించాయి, ఎలీషావి, గోవర్ధనరావువి. తలుపు తీసే ఉంచి వచ్చింది కదా, లోపలికి వెళ్ళినట్టున్నారు. "ఇది రెండిళ్ళ మధ్య గోడండీ" అంటున్నాడు ఎలీషా.

టక్, టక్, టక్.

గోవర్ధనరావు గోడ గట్టిదా కాదా అని చూస్తున్నాడు. కొనేవాళ్ళంతా చేసే పనే. వీరమ్మ వీపు ఆ గోడకే ఆని ఉంది. ఆవిడ ఒక్కసారి నిటారుగా అయింది. అన్నేళ్ళూ ఇటు నుంచి అటు తట్టిన మనిషి, అటు నుంచి మూడు దెబ్బలు వినడం అదే మొదటిసారి. గోడ వైపు తిరిగి చూసింది. ఆ తర్వాత జాన్‌బీని చూసింది.

ఆపైన నెమ్మదిగా అరచేయి నేలకి ఆనించి, రెండో చేత్తో మోకాలు పట్టుకుని, లేచి నిలబడింది.

వద్దని నోటితో చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదు కదా.

"వదినా" అంది జాన్‌బీ. నాలుగేళ్ళకి ఆ మాట వచ్చింది, వచ్చేసరికి సమయం మించిపోయింది.

"వెళ్ళు. మనుషులు నిలబడి ఉన్నారక్కడ" అని నీళ్ళకోసం లోపలికి వెళ్ళింది వీరమ్మ. కుండలో గ్లాసు ముంచిన చప్పుడు వినిపించింది. ఎంతసేపటికీ తిరిగి రాలేదు. అయిదు నిమిషాల్లో వెనక్కి వెళ్ళాలని వచ్చిన జాన్‌బీ, అడ్డేమీ లేకపోయినా, ఎలీషా వచ్చి పిలిచేదాకా ఆ పీట మీద నుంచి లేవలేకపోయింది.

ఇల్లు అమ్ముడైపోయింది. గుడివాడ పోర్షను కొనడమూ అయింది. సామాను వ్యాన్‌లోకి ఎక్కించిన రోజు వీరమ్మ ఇంటికి తాళం వేసి ఉంది. బజార్లో ఉండి ఉంటుందిలే అనుకుంది జాన్‌బీ. అది బజారు లేని సమయమని ఆవిడకీ తెలుసు.

గుడివాడలో ఆయేషా మంచిదే. మరిది మంచివాడే. ఇంటి నిండా జనం, ఎవరి పనులు వాళ్ళకి. మొదటి నెల రోజూ భోజనానికి పిలిచారు. రెండో నెల వారానికోసారి పిలిచారు. తర్వాత నుంచి ఆయేషా ఏదన్నా చెప్పాలంటే గోడకి అటు నుంచే ఫోన్ చేసేది. గోడ ఇవతల ఫోన్ మోగుతుంటే, అవతల చెల్లెలి గొంతు ఫోన్లోనూ, గోడలోనూ రెండు చోట్లా వినిపించేది. ఇది కూడా చుట్టాల మధ్య ఉండడమే కదా అని జాన్‌బీ సర్దుకుపోయింది. పొద్దుటి నుంచీ సాయంత్రం దాకా నోరు విప్పే అవసరం రాని రోజులు మాత్రం మళ్ళీ మొదలయ్యాయి.

ఫిబ్రవరిలో రంజాన్ వచ్చింది. జాన్‌బీ ఫోన్‌లో అలారం పెట్టుకుంది. దానికంటే ముందే మెలకువ వచ్చేది. మూడింటికి కళ్ళు తెరిచి, అది మోగేదాకా చీకట్లో పడుకుని ఉండేది. అలారం మోగి ఆగిపోతే, ఆయేషా ఫోన్ చేసేది. "ఆపా, లేచావా?" "లేచాను." అంతే, ఎవరి సహరీ వాళ్ళు తినేవాళ్ళు.

నాలుగో ఉపవాసం నాడు పొద్దున్నే, భార్యతో ఆ ఇంట్లోకి మారిన గోవర్ధనరావు ఫోన్ చేశాడు.

"ఏం అనుకోకండమ్మా. మీ పక్కింటావిడకి మతి సరిగ్గానే ఉంటుందా అండీ?"

"ఏమైందండీ?"

"నాలుగు రోజుల్నించీ తెల్లవారుజామున మూడింటికి గోడ కొడుతోందండీ. గిన్నెతోనో దేంతోనో. ఒకసారి కాదు, ఆపకుండా. మా ఆవిడ హడలిపోతోంది. పగలు అడుగుదామంటే ఇంట్లో ఉండదు, ఉన్నా తలుపు తియ్యదు."

జాన్‌బీ గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది.

"మీరు లైటు వేశారా అండీ?"

"ఎందుకేస్తామమ్మా, నిద్రపోతుంటే?"

"లైటు వెయ్యకపోతే తడుతూనే ఉంటుందండీ."

"మీరు ఇల్లు ఖాళీ చేశారని ఆవిడకి తెలీదేమో. కాస్త చెప్పండి."

"ఆవిడకి తెలుసండీ."

"మరి?"

మరి అంటే ఏం చెప్తుంది? చెప్పడానికి ముప్పై ఏళ్ళ కథ ఉంది, రొయ్యల చెరువుల గోలలో ఉన్న మనిషికి అది వినే తీరిక లేదు.

"పోనీ ఆవిడ ఫోన్ నంబరన్నా ఇవ్వండి."

"నా దగ్గర లేదండీ. గోడ ఉండగా నంబరెందుకని..." మాట మార్చి అంది, "రేపు మళ్ళీ తడితే, మీరు పిడికిలితో ఒక్కసారి తిరిగి తట్టండి. ఆపేసి వెళ్ళిపోతుంది."

"మేమెందుకమ్మా తట్టడం? భలేవారే మీరు" అని, విసుక్కోకుండానే, ఫోన్ పెట్టేశాడు గోవర్ధనరావు.

మర్నాడు మూడింటికి జాన్‌బీకి మెలకువ వచ్చింది. లైటు వెయ్యలేదు. బందరు అక్కడికి నలభై కిలోమీటర్లు. ఏ చప్పుడూ వినపడదని తెలుసు, అయినా విన్నది. ఇప్పుడు బేసిన్ తీసి ఉంటుంది. ఇప్పుడు మూడుసార్లు తట్టి ఉంటుంది. ఇప్పుడు ఆగి, వెంటిలేటర్ వైపు చూస్తూ నిలబడి ఉంటుంది. ఆటో వచ్చే వేళైంది.

చెయ్యి చాచి, పిడికిలి బిగించి, మంచం పక్కనున్న గోడని ఒక్కసారి తట్టింది.

వెంటనే ఫోన్ మోగింది. ఆయేషా.

"ఏమైంది ఆపా? గోడ కొట్టావేంటి?"

"ఏం లేదు" అంది జాన్‌బీ. "చెయ్యి తగిలింది."